ఘాట్ రోడ్డు బండికి బ్రీదర్ పైపులు మార్చడం, క్యాచ్ డబ్బా బిగించడం

సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా కొరాపుట్ తిరిగే పాత పెట్రోలు బళ్లలో ఒక లక్షణం తరచుగా కనబడుతుంది. ఎక్కేటప్పుడు బాగానే ఉంటుంది. దిగేటప్పుడు సెకండ్ గేరులో పెట్టి యాక్సిలరేటర్ వదిలేసి వస్తాం కదా, కింద చదును రోడ్డు తగిలి మళ్లీ కాలు నొక్కగానే సైలెన్సర్‌లోంచి నీలం పొగ గుప్పుమంటుంది. షెడ్డుకి తీసుకెళ్తే చాలామంది బానెట్ ఎత్తకముందే "రింగులు పోయాయి బాబూ, బోరు పని చెయ్యాలి" అంటారు. అయ్యుండొచ్చు. వాల్వు సీళ్లు గట్టిపడినా అచ్చం ఇలాగే పొగ వస్తుంది. కానీ ఆ రెండింటికీ ఇంజను మీద చెయ్యి వెయ్యాలి, వేలకు వేలు వదులుతాయి. మూడో అనుమానం బ్రీదర్ లైను మీద పెట్టుకోవాలి. దాన్ని చూడటానికి ఒక స్క్రూడ్రైవరు, ఒక ప్లయరు, ఓ గంట టైము చాలు. అందుకే వెతుకులాట అక్కణ్ణించి మొదలుపెట్టండి.

అసలు ఈ లైను ఏం చేస్తుందో రెండు ముక్కల్లో చెప్పి ముందుకెళ్తాను. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు ఎంత కొత్తవైనా పైన మండిన గ్యాసులో కొంత, ఆయిల్ ఉండే క్రాంక్‌కేసులోకి జారుతుంది. దాన్ని బ్లో-బై అంటారు. అందులో కాలని పెట్రోలు ఆవిరి, నీటి ఆవిరి, ఆమ్లాలు ఉంటాయి. లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. అందులో చిన్న వాటా ఈ దారిన కిందికి చేరుతుంది. దీనికి దారి చూపించకపోతే లోపల ఒత్తిడి పెరిగి సీళ్లు కారతాయి, డిప్‌స్టిక్ పైకి తన్నుకొస్తుంది. పూర్వం ఒక గొట్టం కిందికి వేలాడదీసి ఈ గ్యాసుని రోడ్డు మీదికే వదిలేసేవారు. 1961లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, దాన్ని తిరిగి ఇంజనులోకే పంపి కాల్చాలని మొట్టమొదట షరతు పెట్టింది. మెకానిక్‌లు పీసీవీ అనేది ఆ ఏర్పాటునే.

మామూలు పెట్రోలు ఇంజనులో దీనికి రెండు పైపులుంటాయి. ఒకటి ట్యాపెట్ కవరు (ఇంజను పైమూత) నుంచి పీసీవీ వాల్వు గుండా ఇన్‌టేక్ మానిఫోల్డుకి, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టానికి వెళ్తుంది. రెండోది ఎయిర్ ఫిల్టరు తర్వాత, థ్రాటిల్‌కి (యాక్సిలరేటర్ నొక్కితే తెరుచుకునే గాలి తలుపు) ముందు నుంచి ట్యాపెట్ కవరుకి శుభ్రమైన గాలి తెస్తుంది. ఘాట్ ఎక్కేటప్పుడు థ్రాటిల్ బార్లా తెరిచి ఉంటుంది, మానిఫోల్డులో పీల్పు ఉండదు, బ్లో-బై మాత్రం ఎక్కువ. అప్పుడు రెండో పైపు కూడా ఎదురు తిరిగి గ్యాసుని ఎయిర్ ఫిల్టరు వైపు నెడుతుంది. ఫిల్టరు పెట్టెలో ఆయిల్ జిడ్డు చేరేది ఇలాగే. దిగేటప్పుడు సంగతి తలకిందులు. థ్రాటిల్ మూసి, ఇంజను బ్రేకింగులో తిరుగుతుంటే మానిఫోల్డు పీల్పు అన్నిటికన్నా గట్టిగా ఉంటుంది. ఆ సమయంలో వాల్వు లోపలి ముక్క ముందుకు జరిగి దారిని ఇరుకు చెయ్యాలి. జిడ్డు పట్టి అది జరగకపోతే ఆయిల్ తుంపర నేరుగా మానిఫోల్డులోకి పోతుంది. కింద కాలు నొక్కగానే వచ్చే పొగ అదే.

విప్పకముందు చూడాల్సినవి

ఇంజను వేడెక్కాక ఐడిలింగులో ఉంచి ఆయిల్ మూత తియ్యండి. ఆ రంధ్రం మీద పల్చటి కాగితం ముక్క పెట్టండి. లైను సవ్యంగా ఉన్న పెట్రోలు ఇంజనైతే కాగితాన్ని మెల్లగా లోపలికి లాక్కుంటుంది. పైకి ఎగరగొట్టిందంటే లైను మూసుకుపోయిందో, బ్లో-బై ఎక్కువైందో, రెండూనో.

తర్వాత పీసీవీ వాల్వుని దాని రబ్బరు బూటులోంచి బయటికి లాగి, ఇంజను నడుస్తుండగానే వేలితో మూతి మూయండి. వేలిని గట్టిగా పట్టుకోవాలి. పట్టుకోకపోతే మానిఫోల్డు వైపు పైపులో అడ్డం ఉందన్నమాట. ఇంజను ఆపి వాల్వుని చెవి దగ్గర ఊపితే టకటకమనాలి. చప్పుడు లేకపోతే దాన్ని కడిగి వాడే ఆలోచన మానుకోండి. కొత్తది ఖరీదేమీ కాదు. అయితే మీ ఇంజనుకి చెప్పిన వాల్వే తీసుకోండి. చూడటానికి అన్నీ ఒక్కలాగే ఉన్నా లోపలి స్ప్రింగు, రంధ్రం ఆ ఇంజను పీల్పుకి తగ్గట్టు చేసినవి. వేరే బండిది వేస్తే ఐడిలింగు పాడవుతుంది, ఆయిల్ ఇంకా ఎక్కువ తాగుతుంది.

ఇంకాస్త కచ్చితంగా తెలుసుకోవాలంటే మందుల షాపులో ఒక సెలైన్ సెట్టు కొనండి. దాని సన్నని గొట్టాన్ని ఒక చెక్క మీద ఇంగ్లిషు యు ఆకారంలో వంచి టేపుతో అంటించండి. రెండు చేతులూ కనీసం రెండడుగుల పొడవుండాలి. సగం వరకూ రంగు నీళ్లు పోసి, ఒక కొసని రబ్బరు బిరడాతో ఆయిల్ మూత రంధ్రానికి గట్టిగా కలపండి. డిప్‌స్టిక్ గొట్టానికి కూడా తగిలించొచ్చు గానీ, కొన్ని ఇంజన్లలో ఆ గొట్టం అడుగు ఆయిల్లో మునిగి ఉంటుంది, లెక్క తప్పుతుంది. ఇప్పుడు ఇంజను స్టార్టు చేస్తే నీళ్లు ఇంజను వైపు చేతిలో కొద్దిగా పైకి లేచి నిలబడాలి. అవతలి చేతిలో పైకి లేస్తే లోపల ఒత్తిడి ఉంది. నీళ్లు జోరుగా ఇంజను వైపు పరుగెత్తితే వెంటనే బిరడా ఊడబీకండి, నీళ్లు లోపలికి పోకూడదు. ఈ చెక్కని పారెయ్యకండి, పని అయ్యాక మళ్లీ కావాలి.

చలికాలంలో ఇంకో అనుమానం కూడా వస్తుంది. కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. సెమిలిగుడ, పొట్టంగి వైపు డిసెంబరు, జనవరి రాత్రులు బాగా చల్లగా ఉంటాయి. అక్కడ ఇంటి నుంచి బజారుకి, బజారు నుంచి ఇంటికి మాత్రమే తిరిగే బండిలో ఆయిల్ మూత అడుగున మజ్జిగ మీది నురగలాంటి తెల్లటి జిడ్డు కనబడుతుంది. చూడగానే హెడ్ గ్యాస్కెట్ పోయిందని టెన్షన్ పడతారు. కూలెంటు మట్టం తగ్గకుండా, డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే అది చల్లబడి నీరై ఆయిల్‌తో కలిసిన ఆవిరే. బండిని ఓ గంట దూరం పోనివ్వండి, చాలావరకు పోతుంది. అయినా పోకుండా మళ్లీ మళ్లీ వస్తుంటే లైను మూసుకుపోతోందని అర్థం.

పైపులు మార్చడం

నిజం చెప్పాలంటే క్యాచ్ డబ్బా (ఈ లైనులో ఆయిల్ తుంపరని పట్టి ఆపే డబ్బా) కావాలని అడిగేవాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది డబ్బా కాదు, కొత్త పైపులు, కొత్త వాల్వు, కొత్త బూటు. ఇది మరమ్మతు మాత్రమే, చట్టంతో పేచీ లేదు, ఏ బండికైనా చేసుకోవచ్చు.

ఇంజను పూర్తిగా చల్లారాక పని మొదలుపెట్టండి. ముందు ఫోనుతో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసుకోండి. ఒక్కో పైపుకీ తెల్లటి టేపు చుట్టి ఎక్కణ్ణించి ఎక్కడికో రాయండి. క్లిప్పు వదులు చేశాక పైపుని లాగేయకుండా ముందు మెల్లగా తిప్పండి. పాత పైపు ప్లాస్టిక్ ముక్కుకి అతుక్కుపోయి ఉంటుంది, బలవంతం చేస్తే ముక్కు విరిగి ట్యాపెట్ కవరే మార్చాల్సొస్తుంది. కదలకపోతే బ్లేడుతో పైపుని నిలువునా చీల్చండి. ఎలాగూ పారేసేదే. వాల్వు బూటు గట్టిపడి వేలితో నొక్కితే వంగకుండా ఉంటే దాన్నీ మార్చండి. దాని ముక్క ఒక్కటి కూడా లోపల పడనివ్వొద్దు.

ఇక పైపు ఎంపిక. ఇక్కడ తప్పు జరిగిందంటే మిగతా పనంతా దండగ. పాత పైపుని చేత్తో పట్టుకునే దుకాణానికి వెళ్లండి, జయపురమైనా రాయగడ అయినా బరంపురమైనా. లోపలి వ్యాసం దానితోనే కొలవాలి. "రేడియేటరు పైపు ఉంది, ఏటి తేడా, రబ్బరే కదా" అని ఇవ్వబోతారు. తీసుకోవద్దు. రేడియేటరు పైపులు సాధారణంగా ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు. అది నీటికీ వేడికీ గట్టిదే గానీ ఆయిల్ తగిలితే ఉబ్బి, మెత్తబడి, లోపలి దారి మూసుకుపోతుంది. మీకు కావాల్సింది నైట్రైల్ రబ్బరు, అంటే ఎన్‌బీఆర్. పైపు మీద ఆ అక్షరాలు గానీ, ఆయిల్ పైపు అని గానీ అచ్చు వేసి ఉంటుంది. లోపల విటాన్ పొర ఉన్నది దొరికితే ఇంకా మేలు, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. నీలం, ఎరుపు రంగుల సిలికాన్ పైపులు బానెట్ ఎత్తితే అందంగా కనబడతాయి. కానీ మామూలు సిలికాన్ ఆయిల్ ఆవిరిని ఆపలేదు, కొన్నాళ్లకి బయట చెమట పట్టినట్టు జిడ్డు తేలుతుంది. పారదర్శకంగా ఉండే నీళ్ల పైపు అసలు ముట్టుకోవద్దు, వేడికి మెత్తబడి పీల్పుకి లోపలికి అణిగిపోతుంది.

నమ్మకం కుదరకపోతే వేలెడంత ముక్క అడిగి తెచ్చుకోండి. గాజు సీసాలో ఇంజను ఆయిల్ పోసి, ముక్కని నాలుగైదు రోజులు నానబెట్టండి. దానికి ముందు, తర్వాత పొడవు కొలిచి చూడండి. పెరిగితే, గోరు దిగేంత మెత్తబడితే, ఆ పైపు మీకు పనికిరాదు.

పాత పైపు ఫ్యాక్టరీ నుంచే వంపు తిరిగి వచ్చినదైతే తిన్నటి పైపు కొని వంచకండి. మలుపులో మడత పడుతుంది, అక్కడే మొదట మూసుకుపోతుంది. కంపెనీ పైపు తెప్పించుకోండి, లేదా మలుపు దగ్గర లోహపు ఎల్బో వేసి రెండు తిన్నటి ముక్కలు కలపండి. క్లిప్పులు కొత్తవి వెయ్యండి. పైపు రబ్బరు క్లిప్పు గాళ్లలోంచి ఉబికి వచ్చేదాకా బిగించక్కర్లేదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డుకి, ఫ్యాను బెల్టుకి దూరంగా ఉండేలా చూసుకోండి. వానాకాలంలో పల్లెల్లో బండి ఎక్కువ రోజులు నిలిపితే ఎలుకలు ఈ పైపుల్నే కొరుకుతాయి. అందుకే నిలిపి ఉంచిన బండిని తీసే ముందు ఒకసారి బానెట్ ఎత్తి చూసుకోండి.

ఇంతవరకూ చేశాక ఓ వెయ్యి కిలోమీటర్లు తిరగండి. పొగ తగ్గితే, ఎయిర్ ఫిల్టరు పెట్టె పొడిగా ఉంటే, పని అయిపోయినట్టే. డబ్బు మిగిలింది.

క్యాచ్ డబ్బా ఎవరికి, ఎలా

బ్లో-బైలోని ఆయిల్ తుంపర మానిఫోల్డుకి చేరకముందే పట్టుకుని నిలబెట్టే డబ్బా ఇది. రోజూ ఘాట్ ఎక్కి దిగే బండికి, ఎయిర్ ఇన్‌టేక్‌లో మళ్లీ మళ్లీ జిడ్డు చేరే బండికి ఉపయోగమే. కానీ రింగులు అరిగిన ఇంజనుకి ఇది వైద్యం కాదు. పొగ కనబడకుండా పోతుంది, అరుగుదల మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది.

బండి బీఎస్-6 అయితే, అంటే 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన కాలుష్య నిబంధనల కిందికి వచ్చేదైతే, డబ్బా ఆలోచన పక్కన పెట్టండి. ఆ బళ్లలో ఈ లైనులో చిన్న గాలి లీకు ఉన్నా కంప్యూటరు పసిగట్టి ఇంజను లైటు వెలిగించొచ్చు, గాలి-పెట్రోలు మిశ్రమం పల్చనైందని చెప్పే పి0171 కోడు రావొచ్చు. వారంటీ దగ్గర కూడా గొడవ. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండిలో మార్పులకి హద్దులు పెడుతుంది. పాత బండైనా సరే, ఒక పద్ధతి మాత్రం వద్దంటే వద్దు. డబ్బా మీద చిన్న ఫిల్టరు పెట్టి గ్యాసుని బయటికే వదిలెయ్యడం. కొత్త మోడల్‌కి అనుమతి ఇచ్చే ముందు క్రాంక్‌కేసు గ్యాసు బయటికి రాకూడదని టైప్-3 అనే పరీక్షే ఉంది. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు సైలెన్సర్‌లో గొట్టం పెట్టి చూస్తారు గానీ బ్రీదర్ వైపు చూడరు, దొరకం అనుకుంటారు కొందరు. ఆ వాసన ముందు మీ క్యాబిన్లోకే వస్తుంది, ఏసీ గుండా.

డబ్బా కొనేటప్పుడు మూత విప్పి లోపల చూడండి. ఆన్‌లైనులో చవగ్గా దొరికేవాటిలో చాలావరకు ఖాళీ డబ్బాలే. గ్యాసు ఒక ముక్కులోంచి వచ్చి రెండో ముక్కులోంచి పోతుంది, ఆయిల్ ఏమీ ఆగదు. లోపల అడ్డు పలకలు, స్టీలు జాలీ ఉండాలి. లోపలికి వచ్చే గొట్టం కిందికి దిగి ఉండాలి, బయటికి పోయేది పైనుండాలి, అడుగున డ్రెయిన్ బోల్టు ఉండాలి. కార్లకి అర లీటరు, ముప్పావు లీటరు సరిపోతుంది. గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. దాని పోగులు తెగి ఇంజనులోకి పోతాయి, ఆ సలహా వినకండి. డబ్బా మీద ఫిల్టరు పెట్టే రంధ్రం ఉంటే బోల్టుతో, వాషరుతో మూసెయ్యండి. తెరిచి ఉంచితే లెక్కలో లేని గాలి దూరి ఐడిలింగు తూలుతుంది.

ఇప్పుడు బిగింపు. పీసీవీ వాల్వు దాని చోటే ఉంటుంది, తియ్యకూడదు. వాల్వుకీ మానిఫోల్డుకీ మధ్య పైపుని తెంచి, వాల్వు వైపుది డబ్బా లోపలి ముక్కుకి, డబ్బా బయటి ముక్కు నుంచి మానిఫోల్డుకి కలపండి. శుభ్రమైన గాలి తెచ్చే రెండో పైపు జోలికి పోవద్దు. డబ్బాని చల్లగా ఉండే చోట, ఎగ్జాస్ట్‌కి ఎదురు వైపున పెట్టండి. డబ్బా ఎంత చల్లగా ఉంటే ఆవిరి అంత బాగా ద్రవంగా మారి అడుగున చేరుతుంది. బ్రాకెటు మందపాటి రేకుతో, రెండు బోల్టులతో ఉండాలి. దమన్‌జోడి వైపు లారీలు తిరిగే రోడ్ల మీద కుదుపులకి ఒంటి బోల్టు బ్రాకెటు విరగడం ఖాయం.

పైపుల వాలు మీద శ్రద్ధ పెట్టండి. వాల్వు నుంచి డబ్బా వరకూ పైపు ఒకే వాలులో కిందికి దిగాలి. డబ్బా నుంచి మానిఫోల్డు వరకూ పైకి ఎక్కాలి. మధ్యలో ఎక్కడా పైపు జారి తొట్టిలా వేలాడకూడదు. అక్కడ నీళ్లు, ఆయిల్ నిలిచి దారి మూసేస్తాయి. పైపు వ్యాసం ఫ్యాక్టరీ వ్యాసం కన్నా తగ్గకూడదు, డబ్బా ముక్కుతో సహా.

టర్బో ఉన్న పెట్రోలు బండైతే మానిఫోల్డుకీ డబ్బాకీ మధ్య చెక్ వాల్వు (ఒక వైపుకే దారిచ్చేది) తప్పనిసరి. లేకపోతే బూస్టు, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, వెనక్కి తన్ని క్రాంక్‌కేసులో ఒత్తిడి పెంచుతుంది.

డీజిల్ బళ్లది వేరే కథ. వాటిలో బ్రీదర్ పైపు సాధారణంగా టర్బోకి ముందున్న గాలి పైపులోకి వెళ్తుంది, డబ్బా ఆ దారిలోనే పెట్టాలి. ఆయిల్ మూత తీస్తే కాస్త ఆవిరి ఎగరడం డీజిల్‌కి మామూలే. మూతని తిరగేసి రంధ్రం మీద ఊరికే పెట్టినప్పుడు అది కొద్దిగా కదిలితే ఫరవాలేదు, ఎగిరి పడితే కంప్రెషన్ (సిలిండర్లో ఒత్తిడి నిలుస్తోందా అన్నది) చూపించాలి. డబ్బా నిండిపోయి ఆ ఆయిల్ టర్బోలోకి పోతే ఇంజను సొంత ఆయిల్‌నే తాగి ఊపందుకుంటుంది, తాళం తీసినా ఆగదు. గేర్ల బండైతే బ్రేకు గట్టిగా తొక్కి పై గేరులో వేసి క్లచ్ వదిలి ఆపాలి. అలా ఆగకపోతే బండి దగ్గర నిలబడకండి. కాబట్టి డీజిల్‌కి డబ్బా పెట్టి చూడకుండా ఉండేవాళ్లు అసలు పెట్టుకోకపోవడమే మంచిది.

బిగించాక

సెలైన్ గొట్టం చెక్క మళ్లీ తియ్యండి. డబ్బా పెట్టకముందు నీళ్లు ఎంత లేచాయో, ఇప్పుడూ దాదాపు అంతే లేవాలి. తేడా వస్తే ఎక్కడో ఇరుకు ఉంది, లేదా గాలి లీకు ఉంది. ఇంజను నడుస్తుండగా ఒక్కో జాయింటు దగ్గర చెవి పెట్టి బుస్‌మనే చప్పుడు వినండి. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత క్లిప్పులు మరోసారి బిగించండి. అయిదు వందల దగ్గర డ్రెయిన్ తీసి ఎంత వచ్చిందో ఒక సీసాలో కొలిచి రాసుకోండి. ఆ లెక్కని బట్టి మీ బండికి ఎన్నాళ్లకోసారి తియ్యాలో మీకే తెలుస్తుంది. చలికాలంలో నీళ్లు ఎక్కువ చేరతాయి, అప్పుడు ఇంకా త్వరగా తియ్యాలి. బండి తీరు మారకుండా, రోడ్డు మారకుండా ఆ కొలత నెలనెలా పెరుగుతుంటే కంప్రెషన్ పరీక్ష చేయించండి. అప్పుడు మెకానిక్ రింగుల మాట ఎత్తితే నమ్మొచ్చు.

తీసిన ద్రవం చూడటానికి ఆయిల్‌లా ఉన్నా అందులో నీళ్లు, పెట్రోలు, ఆమ్లం కలిసి ఉంటాయి. తిరిగి ఇంజనులో పోయకండి, కాలవలో పారబోయకండి. మూత ఉన్న డబ్బాలో పోగుచేసి, ఆయిల్ మార్పించుకోడానికి వెళ్లినప్పుడు షెడ్డులోని వేస్ట్ ఆయిల్ డ్రమ్ములో పోయించండి.